కీళ్లవాతం మందులు వాడేవారి చర్మం మీద మచ్చలు, గడ్డలు, కమిలిన గుర్తులు: దేవరకొండ నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. దేవరకొండ దగ్గరి ఊళ్లో ఉంటున్న మీ అమ్మగారికి యాభై దాటాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అని తేలి కొన్నేళ్లయింది. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, తక్కువ మోతాదులో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వాడుతూ వచ్చారు. ఇప్పుడు ఆమె మోచేతుల వెనుక గట్టి గడ్డలు లేచాయి, నడుము చుట్టూ గుండ్రని దురద మచ్చలు పాకుతున్నాయి, ముంజేతులకు ఏదైనా కాస్త తగిలినా అక్కడ నల్లగా కమిలిపోతోంది. మందులు వేడి చేశాయని నలుగురూ అనడంతో ఆమె మూడు వారాల క్రితం మెథోట్రెక్సేట్ మానేశారు. మందుల దుకాణంలో ఇచ్చిన ట్యూబు రాస్తే దురద తగ్గుతోంది, ఆపగానే ఇంకా ఎక్కువగా వస్తోంది. ముందు చర్మం సంగతి చూడాలా, కీళ్ల మందు మళ్లీ మొదలుపెట్టాలా అన్నది మీ ప్రశ్న.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం చర్మవ్యాధుల విభాగంలోనే గడిచింది. మీ అమ్మగారికున్న వ్యాధే నాకూ ఉంది, ఆ మందులే నేనూ వాడుతున్నాను. డాక్టరును కాను కాబట్టి ఆమెను చూడకుండా ఇది ఫలానా జబ్బు అని నిర్ధారించలేను. కానీ మీరు వర్ణించిన తీరు చూస్తే ఆమె చర్మం మీద ఉన్నది ఒక సమస్య కాదు, మూడు వేర్వేరు సమస్యలు అనిపిస్తోంది. ఆ మూడింటికీ కారణాలు వేరు. గడ్డలు బహుశా వ్యాధి వల్ల వచ్చినవి, గుండ్రని మచ్చలు బహుశా తామర, కమిలిపోవడం బహుశా ప్రెడ్నిసలోన్ వల్ల. ఈ మూడింటిలో ఏదీ మెథోట్రెక్సేట్ మానేసినంత మాత్రాన నయమయ్యేది కాదు. మానేయడం వల్ల కీళ్లు మళ్లీ వాచి, అరిగిపోయే ప్రమాదం మాత్రం నిజంగా ఉంది, ఒకసారి వంకరపోయిన వేళ్లు ఏ మందుతోనూ తిరిగి నిటారు కావు.

ముందుగా గడ్డల సంగతి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారిలో సుమారు పదిమందికి ఇద్దరు ముగ్గురికి, ముఖ్యంగా రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చినవారికి, చర్మం కింద ఇటువంటి గడ్డలు వస్తాయి. నేలకో బల్లకో ఆనే చోట, అంటే మోచేతుల వెనుక, వేళ్ల కణుపుల మీద, మడమల వెనుక ఎక్కువగా కనిపిస్తాయి. సాధారణంగా నొప్పి ఉండదు. వీటిని కోసి తీయించవలసిన అవసరం చాలా అరుదు, తీయించినా అదే చోట మళ్లీ రావచ్చు. పైన చర్మం చిట్లి పుండు పడినా, చీము పట్టినా, నరాన్ని నొక్కి తిమ్మిరి తెచ్చినా, చెయ్యి వాడుకోవడానికి అడ్డమొచ్చినా అప్పుడు శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. కింద కూర్చుని మోచేతులు ఆనించే అలవాటు ఉంటే మెత్తని గుడ్డ వేసుకోమనండి. ఒక విషయం మాత్రం దాచకుండా చెప్పాలి: కొద్దిమందిలో కీళ్లు బాగుపడుతున్నా, మెథోట్రెక్సేట్ వల్లనే వేళ్ల మీద చిన్న చిన్న గడ్డలు త్వరత్వరగా పెరుగుతాయి. అలా జరుగుతోందా లేదా అన్నది కీళ్ల డాక్టరు చూసి చెప్పాలి, అవసరమైతే మందు మార్చేదీ ఆయనే. అందుకని గడ్డలు ఎప్పుడు మొదలయ్యాయో, ఎంత వేగంగా పెరిగాయో తేదీలతో రాసి ఉంచండి.

ఎక్కువ బాధపెడుతున్నదీ, ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నదీ నడుము చుట్టూ ఉన్న మచ్చల విషయంలోనే. అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో మానినట్టు కనిపిస్తూ, రోజురోజుకూ వెడల్పయ్యే దురద మచ్చ చాలావరకు తామరే. లంగా నాడా బిగిసి ఉండే చోట చెమట ఆరదు, అక్కడే ఇది మొదలై వీపుకూ పిరుదులకూ పాకుతుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో ఇంకాస్త మొండిగా ఉంటుంది. మీరు ట్యూబు పేరు రాయలేదు కానీ, రాయగానే హాయి, ఆపగానే రెట్టింపు అన్న లక్షణం చూస్తే అందులో బలమైన స్టెరాయిడ్ ఉందనే నా అనుమానం. క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్‌ను ఫంగస్ మందుతో, యాంటీబయాటిక్‌తో కలిపిన క్రీములు మన ఊళ్లలో అడిగినవారికల్లా దొరుకుతున్నాయి. ఇటువంటి స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. స్టెరాయిడ్ దురదనూ ఎర్రదనాన్నీ అణిచేస్తుంది, అదే సమయంలో ఫంగస్‌ను ఎదుర్కొనే చర్మపు శక్తినీ అణిచేస్తుంది. పైకి మానినట్టున్నా లోపల పాకుతుంది. కొన్నాళ్లకు మచ్చ ఆకారం కూడా మారిపోయి, చూసే డాక్టరుకే అది తామరో కాదో తేల్చడం కష్టమవుతుంది. తొడల సందుల్లో, చంకల్లో నెలల తరబడి రాసినవారికి చర్మం చారలు చారలుగా చీలి, ఆ చారలు జీవితాంతం ఉండిపోవడం నేను విభాగంలో ఎన్నోసార్లు చూశాను.

కాబట్టి ఆ ట్యూబు పెట్టెతో సహా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. మచ్చ అంచున పొట్టు కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూసే చిన్న పరీక్ష ఉంది, అది చేస్తే ఫంగస్ ఉందో లేదో తెలుస్తుంది. తామరే అయితే ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీమును మచ్చ మీద మాత్రమే కాకుండా అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు వరకు రాయాలి, కనిపించకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు కొనసాగించాలి. మాత్రలు అవసరమైతే మెథోట్రెక్సేట్ వాడుతున్న సంగతి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఫంగస్ మాత్రల్లో కొన్ని కూడా కాలేయం మీద భారం వేస్తాయి. లంగాలు, లోదుస్తులు రోజూ ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేయండి. నాడాను కాస్త వదులుగా కట్టుకోమనండి, ఒకే చోట కట్టకుండా కొద్దిగా పైకీ కిందికీ మారుస్తుండాలి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వారికీ ఒకేసారి వైద్యం జరగాలి, లేకపోతే తువ్వాలు, పక్కబట్టల ద్వారా మళ్లీ అంటుకుంటుంది.

ముంజేతులు కమిలిపోవడానికి కారణం చాలావరకు ప్రెడ్నిసలోన్. ఏళ్ల తరబడి వాడితే తక్కువ మోతాదులోనైనా చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, దాని కింది సన్నని రక్తనాళాలకు ఆసరా తగ్గిపోయి, గాజు తగిలినా, బిందె అంచు ఒరుసుకున్నా రక్తం చర్మం కింద వ్యాపిస్తుంది. ఈ మచ్చలు వాటంతటవే పోతాయి. అక్కడ నొప్పి మందులు పెట్టి రుద్దకూడదు. పొడవు చేతుల నూలు జాకెట్టు వేసుకుంటే తాకిళ్లు తగ్గుతాయి. అంటుకునే ప్లాస్టర్ వేసి లాగితే చర్మపు పొరే ఊడివస్తుంది కాబట్టి గాయమైతే గుడ్డ కట్టు కట్టాలి. ఇది చదివి ప్రెడ్నిసలోన్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపించకండి. చాలాకాలం బయటి నుంచి స్టెరాయిడ్ అందిన శరీరం తన స్టెరాయిడ్‌ను తయారు చేసుకోవడం తగ్గించుకుంటుంది, హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణానికే ముప్పు రావచ్చు. దాన్ని తగ్గించుకుంటూ రావడమే సరైన పని, కానీ అది డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే జరగాలి. నిజానికి మెథోట్రెక్సేట్ వంటి మందులు సరిగా పనిచేస్తేనే ప్రెడ్నిసలోన్ తగ్గించడం వీలవుతుంది, చర్మం కోసం మెథోట్రెక్సేట్ మానడం ఈ కారణంగానే నాకు బాధ కలిగించింది.

కమిలిన మచ్చలకు బదులుగా కాళ్ల మీద ఆవగింజంత ఎర్రని చుక్కలు గుంపుగా రావడం, చిగుళ్ల నుంచి రక్తం రావడం, నోరంతా పుండ్లు పడటం వేరే సంగతి. అది రక్తకణాలు తగ్గిన సూచన కావచ్చు, మెథోట్రెక్సేట్ మోతాదు శరీరంలో ఎక్కువైందని కావచ్చు. అప్పుడు మందు ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మెథోట్రెక్సేట్‌తో జరిగే ఘోరాల్లో చాలా వారానికి ఒకసారి వేసుకోవలసినదాన్ని రోజూ వేసుకోవడం వల్ల జరిగేవే. చదువురాని పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు వారంలో ఒక రోజును పేరు పెట్టి నిర్ణయించి, మాత్రలను ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచడం మంచిది. డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్ర నోటిపుండ్లను, వాంతిని తగ్గిస్తుంది, దాన్ని బలం మాత్ర అనుకుని వదిలేయకూడదు. కోట్రైమోక్సజోల్ అనే సల్ఫా యాంటీబయాటిక్‌ను జ్వరానికో మూత్రంలో మంటకో ఊళ్లో ఇస్తుంటారు, మెథోట్రెక్సేట్‌తో కలిస్తే అది రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు మందును సరిగా బయటికి పంపలేవు కాబట్టి ఆ వారం మాత్ర వేసుకునే ముందు డాక్టరును అడగాలి. మన వైపు ఆడవాళ్లు కూడా పనిచేసి వచ్చాక కల్లు తాగడం ఉన్నదే, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను: తాటికల్లు అయినా ఈతకల్లు అయినా ఈ మందుతో కాలేయానికి మంచిది కాదు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ కొందరికి దురద తెస్తుంది, ఏళ్లు గడిచాక పిక్కల ముందుభాగంలోనో ముఖం మీదో నీలం కలిసిన నలుపు రంగు రావచ్చు. అది కనిపిస్తే భయపడనవసరం లేదు, కానీ చెప్పాలి. ఆ మందుకు అసలు జాగ్రత్త కంటికి సంబంధించినది, మొదట్లో ఒకసారి, ఐదేళ్ల వాడకం తర్వాత ప్రతి ఏటా కంటి పరీక్ష చేయించాలి. రేపు డాక్టరు ఈ వ్యాధికే వాడే వేరే మందులైన సల్ఫాసలజీన్‌కో లెఫ్లునోమైడ్‌కో మారిస్తే మొదటి రెండు నెలలు చర్మాన్ని గమనించండి. ఒళ్లంతా దద్దుర్లతో పాటు జ్వరం, ముఖం వాపు, నోట్లో, కళ్లలో, మర్మస్థానంలో పుండ్లు, చర్మం పొరలుగా ఊడటం, వీటిలో ఏది కనిపించినా ఆ కొత్త మందు ఆపి అత్యవసర విభాగానికి వెళ్లాలి. రాత్రి అయినా తెల్లవారేదాకా ఆగకూడదు.

ఇంకో రెండు సందర్భాల్లో ఆలస్యం పనికిరాదు. గోళ్ల పక్కన నల్లని చుక్కలు, వేలి కొన నల్లబడటం, కాళ్ల మీద గుంత కోసినట్టున్న పుండు రావడం రక్తనాళాల వాపుకు గుర్తు కావచ్చు, చాలాకాలంగా వ్యాధి ఉన్నవారిలో వస్తుంది, అప్పుడు మందులు తగ్గించడం కాదు, పెంచవలసి రావచ్చు. ఇటువంటి పుండ్లను ఊళ్లో కోయించకండి, వాటిలో ఒక రకం కోసేకొద్దీ పెద్దదవుతుంది. రెండోది అక్కి. ఒంటికి ఒక పక్కనే పట్టీలా నొప్పి, మంట వచ్చి, ఆ తర్వాత నీటిపొక్కులు లేస్తాయి. ఈ మందులు వాడేవారికి మిగతావారి కంటే ఎక్కువగా వస్తుంది, టోఫాసిటినిబ్ వంటి కొత్త రకం కీళ్లవాతం మాత్రలు వాడేవారికి ఇంకా ఎక్కువ. కుమ్మరి దగ్గరికి వెళ్లి ఎర్రమట్టి రాయించుకునే ఆచారాన్ని నేను తప్పుపట్టను, అది మనసుకు ధైర్యం ఇస్తుంది. కానీ వైరస్ మందు పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, కాబట్టి ముందు ఆసుపత్రి, తర్వాతే మిగిలినవి. నుదుటి మీద, ముక్కు కొన మీద వస్తే కన్ను పోయే ప్రమాదం ఉంది.

మోకాళ్ల నొప్పికి మన పల్లెల్లో పెట్టే నల్లజీడి రసం, జిల్లేడు పాలు, కాల్చిన సురుకులు ఈ చర్మం మీద వద్దే వద్దు. పలచబడ్డ చర్మానికి అవి కాలిన గాయాలతో సమానం, అక్కడ పట్టిన చీము కీలులోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గోరువెచ్చగా రాసుకుంటే హాని లేదు. నొప్పి లేపనాలు రాసిన చోటే వేడి కాపడం పెట్టకూడదు, చర్మం కాలుతుంది. పేరూ వివరాలూ లేని పొడులు, గోలీలు వారం రోజుల్లో అద్భుతంగా నొప్పి తగ్గిస్తున్నాయంటే వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ.

స్నానం విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కీళ్లకు కావలసిందీ చర్మానికి కావలసిందీ ఒకదానికొకటి ఎదురొస్తాయి. పొద్దున్నే బిగుసుకున్న కీళ్లకు వేడినీళ్లు హాయినిస్తాయి, అదే వేడి చర్మంలోని జిడ్డును కడిగేసి పొడిబారుస్తుంది. నల్లగొండ జిల్లా బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పు, సున్నం ఎక్కువ ఉన్న గట్టి నీళ్లు, సబ్బు నురగ రాక ఇంకా ఎక్కువ రుద్దుతారు. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో ముగించి, సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే వాడి, ఒళ్లు అద్దినట్టు తుడుచుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గానీ వాజలైన్ గానీ రాసుకోమనండి. తామర మచ్చల మీద మాత్రం నూనె వద్దు. చేతులకు వేడి కావాలంటే స్నానం వేరు, చేతులను మాత్రం గిన్నెలో గోరువెచ్చని నీళ్లలో పెట్టుకోవడం వేరు, రెండోదాన్ని రోజుకు రెండుసార్లు చేసినా ఒళ్లంతా పొడిబారదు. వేళ్లు ముడుచుకోలేనివారికి ట్యూబు నొక్కడం పెద్ద పని. క్రీమును వెడల్పు మూత ఉన్న చిన్న డబ్బాలోకి ఇంట్లోవాళ్లు తీసిపెట్టాలి, వీపు మీదా నడుము వెనుకా ఎవరో ఒకరు రాయాలి. అడగడానికి మొహమాటపడి రాసుకోకుండా ఊరుకునేవారు చాలామంది, అందుకని మీరే అడిగి రాయండి.

ఫ్లోరైడ్ గురించి కూడా ఒక మాట. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న మన జిల్లాలోని మర్రిగూడ, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో ఏ కీలు నొప్పినైనా ఫ్లోరైడ్ అనే అంటారు, దానివల్ల రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఆలస్యంగా బయటపడినవారు ఉన్నారు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌లో మెడ, వెన్ను, నడుము ఎక్కువగా బిగుసుకుపోతాయి, ఈ వ్యాధిలో రెండు చేతుల చిన్న కీళ్లు ఒకే తీరున వాస్తాయి. ఫ్లోరైడ్ హాని చేసేది తాగే నీటి ద్వారా, వంట ద్వారా. దానితో స్నానం చేస్తే ఈ మచ్చలు రావు. అలాగే మచ్చలు పొలుసులు పొలుసులుగా తెల్లగా రాలుతుంటే, తలలోనూ ఉంటే, గోళ్ల మీద సూదిపోట్ల వంటి గుంటలు ఉంటే సోరియాసిస్ కీళ్లవాతం కావచ్చని డాక్టరుకు గుర్తు చేయండి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే కుష్ఠు పరీక్ష కూడా చేయాలి, దానికి మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే ఇస్తారు, త్వరగా మొదలుపెడితే పూర్తిగా నయమవుతుంది.

పొలం పని మానమని నేను చెప్పను, మీ ఇంట్లో అది కుదరదని ఊహించగలను. పత్తి ఏరేటప్పుడు కాయ మొనలు గీరుకుంటాయి కాబట్టి పలచని గుడ్డ తొడుగులు వేసుకోవాలి. నాట్లప్పుడు బురదనీళ్లలో ఎక్కువసేపు నిలబడితే వేళ్ల సందులు పాచిపోతాయి, వంగిన వేళ్ల మధ్య గాలి ఆడదు, పని అయ్యాక కడిగి ఒక్కో సందునూ విడదీసి ఆరబెట్టాలి. పురుగుమందు కొట్టే పనికి మాత్రం ఆమెను పంపకండి. ఎండాకాలంలో పదిన్నర తర్వాత బయట పని వద్దు, మెథోట్రెక్సేట్ కొందరి చర్మాన్ని ఎండకు త్వరగా కమిలేలా చేస్తుంది. పాదాల ఆకారం మారి అరికాళ్లలో ఆనెలు కాస్తుంటే బ్లేడుతో కోయకుండా మెత్తని రబ్బరు అడుగు ఉన్న ఎంసీఆర్ చెప్పులు వాడాలి.

ఇప్పుడు చేయవలసింది: ఈ వారంలోనే నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి తీసుకువెళ్లండి, మహబూబ్‌నగర్ దగ్గరైతే అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రికైనా సరే. కీళ్ల డాక్టరుకు ఫోన్ చేసి మెథోట్రెక్సేట్ మూడు వారాలుగా మానేశారని చెప్పి, రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షలు చేయించి, ఆయన చెప్పిన మోతాదుతోనే మళ్లీ మొదలుపెట్టించండి. కీళ్ల డాక్టరు లేకపోతే హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో రుమటాలజీ (కీళ్లవాతం జబ్బుల) విభాగం ఉంది. తప్పిపోయిన మూడు వారాల మాత్రలను కలిపి వేయకండి. మచ్చల ఫోటోలు పగటి వెలుతురులో తీసి, వాడుతున్న ప్రతి మందు పెట్టెనూ, ఆ ట్యూబునూ, ఏ మందు ఏ నెలలో మొదలైందో ఏ మచ్చ ఏ నెలలో వచ్చిందో రాసిన ఒక కాగితాన్నీ ఇద్దరు డాక్టర్లకూ చూపించండి. ఆ ట్యూబు పేరు, పొట్టు పరీక్షలో ఏం తేలిందో రాస్తే తర్వాతి సంగతులు చెబుతాను.